నేను జడలేసిన అక్క

ముప్పై నాలుగేళ్ల వయసులో విజయవాడలో నర్సింగ్ మొదటి సంవత్సరంలో చేరాను. సీనియర్లు కనిపిస్తే లేచి నిలబడి 'అక్కా' అని విష్ చేయాలన్నది ఆ హాస్టల్ పద్ధతి. ఆ సీనియర్లలో మా అక్క కూతురు స్వాతి ఒకతె. దానికి పంతొమ్మిదేళ్లు. కంకిపాడులో ఐదేళ్లు మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. రోజూ జడలు వేసి బడికి పంపింది నేనే.

మొదటి వారం మెస్‌లో పప్పన్నం కలుపుకుంటుంటే సీనియర్లు వచ్చారు. నేను లేవలేదు.

"ఏం ఆంటీ, మేం కనపడట్లేదా?" అందొకమ్మాయి.

నేను స్వాతి వంక చూశాను.

"నీకు తెలుసా స్వాతీ ఈవిడ?" అడిగిందా అమ్మాయి.

"నాకు తెలీదు. జూనియరేగా, లేవమను" అంది స్వాతి, తల తిప్పుకుని.

ఎంగిలి చేత్తోనే లేచాను. దాని ఎదురుగా నిలబడి, మెస్ అంతా వినేలా "గుడాఫ్టర్నూన్ అక్కా" అన్నాను.

ఆ రోజు నుంచి దాన్ని పేరు పెట్టి పిలవలేదు, ఎక్కడ కనిపించినా 'అక్కా' అనే పిలిచాను. "ఆపు పిన్నీ, నీ కాళ్లు పట్టుకుంటా" అని ఏడ్చినా ఆపలేదు. పగ పెట్టుకోకూడదని అందరూ చెబుతారు. వాళ్లెవరూ ఆ మెస్‌లో లేరు.

మొన్న దాని పెళ్లికి వెళ్లాను. బంధువులందరి ముందూ వంగి నా కాళ్లకు దండం పెట్టింది. అక్షింతలు వేసి, "దీర్ఘసుమంగళీభవ, అక్కా" అన్నాను.