గురుగ్రహం చందమామ మీద మా అవ్వ ఉప్పు

మా చిన్నప్పుడు... ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పొద్దుటి బస్సులో, ఒడిలో గోనెసంచి పెట్టుకుని కూర్చున్నాను. సంచిలో ఊక, ఊకలో స్టీలు గిన్నె, గిన్నెలో గురుగ్రహం చందమామ!

నవ్వకండి... అప్పుడు నాది ఎనిమిదో తరగతి. కామారెడ్డిలో సైన్సు ఎగ్జిబిషన్. గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక చంద్రుడి మీద అంతా మంచేనని, ఆ మంచు కింద సముద్రం ఉండొచ్చని మా సైన్సు సారు చెప్పారు. అంతే, నాకు పిచ్చి పట్టింది. అందరిలాగా అగ్నిపర్వతం చేయమని హెడ్మాస్టరు ఎంత చెప్పినా వినలేదు.

"బడి పరువు తీస్తే మళ్ల నిన్ను ఏ పోటీకీ పంపియ్య, చెప్తున్న" అన్నారాయన. భయమేసింది... అయినా మొండిదాన్ని కదా!

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. కూల్‌డ్రింకుల దుకాణంలో బతిమాలి గిన్నె పెట్టించాను. పైన మంచు గట్టిపడి, కింద ఇంకా నీళ్లు ఉండగానే తెచ్చుకున్నాను. మా అవ్వ, అంటే బాపు వాళ్ల అమ్మ, తొంగి చూసింది.

"గంత దూరం ఎందుకు పోవాలె బిడ్డా? ఏమున్నదక్కడ?"

"నీళ్లుంటే పురుగో, పాచో ఏదన్న బతికుండొచ్చు అవ్వా."

ఆ మాటతో అవ్వకూ పిచ్చి పట్టింది. "ఐసుబండాయన డబ్బాల ఉప్పెయ్యడా? అందుకే ఊరంత తిరిగినా ఆయన ఐసు కరగది" అంటూ గుప్పెడు దొడ్డుప్పు మంచు మీద చల్లేసింది. నాకూ నిజమే అనిపించింది. ఉప్పు పుల్లైసును చల్లగా ఉంచుతుంది కానీ, దాని చుట్టూ ఉన్న మంచును మాత్రం కరిగిస్తుందని మా ఇద్దరికీ ఏం తెలుసు!

కామారెడ్డిలో సంచి విప్పితే... మంచు లేదు. నీళ్ల మీద నాలుగు ఊకగింజలు తేలుతున్నాయి. పక్క బల్ల మీద ఎవరిదో అగ్నిపర్వతం బుసబుసా పొంగుతోంది. ఏడుపు ఆగలేదు.

అంతలో మార్కులు వేసే మేడం రానే వచ్చారు. "ఏందమ్మ ఇది? నీళ్ల గిన్నెనా?"

"చందమామ మేడం... ఉప్పేసినం, కరిగింది."

ఆవిడ నవ్వలేదు. "సరే, అంత దూరంల ఎండ సరిగ తగలదు గదా, మరి మంచు కింద నీళ్లెట్లుంటయి?" అన్నారు.

హమ్మయ్య, అది నాకు తెలుసు! సంచి మూతికి కట్టిన ఇనుప తీగ తీసి అటూ ఇటూ గబగబా వంచి, వంపు దగ్గర ముట్టుకోమన్నాను. "అరె, కాలుతున్నది!" అన్నారు మేడం.

"గురుగ్రహం కూడా ఆ చంద్రుణ్ని ఇట్లనే గుంజి వదులుతది మేడం. ఆ వేడికి లోపల నీళ్లు గడ్డకట్టవు. ఎండ లేకున్నా జీవం పుడతదా లేదా అని తెల్సుకోవాలంటే అక్కడికి పోవాల్సిందే."

మేడం నా వీపు తట్టారు. "ఉప్పు నీళ్లు తొందరగ గడ్డకట్టవు. అక్కడి సముద్రం గూడ ఉప్పగనే ఉండొచ్చు. మీ అవ్వకు చెప్పు."

బహుమతి మాత్రం అగ్నిపర్వతానికే వచ్చింది. హెడ్మాస్టరు కూడా అన్నంత పని చేశారు, మరుసటి ఏడు నన్ను పంపలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు...

ఆ సాయంత్రం ముఖం దాచుకుంటూ ఇంట్లోకి వెళ్తే, అవ్వ బహుమతి ఊసే ఎత్తలేదు. "ఇంతకు గా నీళ్లల్ల ఏదన్న బతికున్నదట్నా?" అని అడిగింది.

"తెల్వదవ్వా. పోయి చూస్తేనే తెలుస్తది."

"మరి పోరాదుండ్రి! ఇంకెప్పుడు పోతరు?"

ఆ తర్వాత చాలా ఏళ్లు, నేను సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా, కాళ్లు కడుక్కోకముందే అడిగేది... "పోయిన్రా?" అని. నేను "ఇంకా లేదవ్వా" అనేదాన్ని.

ఇప్పుడు ఒక అంతరిక్ష నౌక నిజంగానే ఆ చంద్రుడి వైపు వెళ్తోంది. చేరడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుందట. మా పాప ఏది కావాలన్నా ఫోన్‌ను అడిగి క్షణంలో తెలుసుకుంటుంది. కానీ ఈ ఒక్క సంగతి ఇంకా ఏ ఫోన్‌కూ తెలియదు... నిన్న ఆ వార్త చదువుతూ "పోతున్నరవ్వా" అని పైకే అనేశాను. వినడానికి అవ్వ లేదు.

మీ ఇంట్లోనూ జవాబు వినకుండానే వెళ్లిపోయిన పెద్దవాళ్లు ఉండే ఉంటారు... వాళ్లు ఏం అడిగేవాళ్లు?