చెమట రాకముందే తీయాల్సిన గొంగడి

నా చిన్నప్పుడు దయ్యాలకంటే చెమటంటేనే నాకు ఎక్కువ భయం. నవ్వకండి. పుష్యమాసపు చలిలో కూడా నాలుగడుగులు వేస్తే చాలు, నా మెడ తడిసిపోయేది. ఆ ఏడు చలిలో చెమట పట్టడమంటే పట్టుబడడమే. నిజాం రాజ్యం పోయి యూనియన్ సైన్యం వచ్చినా, కమ్యూనిస్టుల సంఘంలో తిరిగిన మా బాపు ఇంకా గుట్టల్లోనే దాక్కుని ఉన్నాడు. కల్వకుర్తి బాట మీద పోలీసులు చౌకీ పెట్టారు. చలిలో ఎవరి మొహాన చెమట కనిపించినా, ఏదో దాచి భయపడుతున్నారని ఆపి సోదా చేసేవారు.

బాపుకు చలిజ్వరం పట్టిందని కబురొచ్చింది. ఆయన అంగీలు రెండూ, గొంగడీ ఎలాగైనా చేర్చాలి. అంగీలు నాకు తొడిగి పంపాలని బాపును కన్న మా అవ్వ ఉపాయం ఆలోచించింది. సరే, ఎవరి వెంట? గొర్లూ మేకలూ కాసే పక్కింటి పెద్దమ్మ తాను తీసుకుపోతానంది. ఆమె మీద నాకు రవ్వంత నమ్మకం లేదు. రోజూ పొద్దున్నే పోలీసు క్యాంపులో మేకపాలు పోసి, అక్కడివాళ్ళతో ఇకఇకలాడి వచ్చేది.

"నమ్మకు అవ్వా, గామె మనల్ని పట్టిస్తది" అని గొణిగాను.

"ఇంకెవరున్నరు బిడ్డా మనకు?" అంది అవ్వ. ఆమె కళ్ళలోనూ అదే గుబులు ఉంది.

అవ్వ అంగీలను నా ఒంటికే తొడిగింది. పెద్దమ్మ వచ్చి చూసి, "ఎంత పని చేసినవ్ అత్తా! పిల్ల చెమటకు అంగీలు తడుస్తయి. జ్వరమున్నోనికి తడి బట్టలిస్తవా?" అని అన్నీ విప్పించింది. ముందు నలిగిన పల్చటి ధోవతి ముక్క నా ఒంటికి చుట్టింది. దాని మీద అంగీలు, వాటి మీద తన కూతురి వదులు రవిక, అన్నిటి పైనా గొంగడి. చెమటను లోపలి గుడ్డే పీల్చుకుంటుందట.

ఊరు దాటి ఎత్తు మొదలయ్యే చోట ఆమె ఆగింది. "గొంగడి తియ్యి బిడ్డా."

నేను చలికి వణుకుతుంటే తీయమంటుందేమిటి! గొంగడి తీస్తే లోపలి అంగీల ఉబ్బు చౌకీవాళ్ళ కంట పడుతుంది, అదే ఈమె ఎత్తుగడ అనుకున్నాను. తీయనంటే తీయనని గట్టిగా పట్టుకుని ముందు నడిచాను. సగం ఎత్తు ఎక్కేసరికి, నా ఖర్మ, నుదుటి మీద చెమట బొట్లు! ఎదురుగా చౌకీ కనిపిస్తూనే ఉంది.

ఆమె తిట్టలేదు. నన్ను ఒక బండ చాటుకు లాగి, గొంగడి ఊడబెరికి, కొంగుతో మొహం తుడిచి, గాలికి నిలబెట్టింది.

"చలికి బట్టలు కప్పుకున్న ఏ పిల్లయినా బొద్దుగనే ఉంటది. చెమట పోసే పిల్లే దొరుకుతది. రాకముందే తియ్యాలె గని, వచ్చినంక తీస్తే ఏం ఫాయిదా? ఆరిందాక కదలకు."

పళ్ళు టకటకలాడేదాకా నిలబడ్డాను. చౌకీ దగ్గర ఒక జవాను నా మెడ మీద చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా, చల్లగా ఉంది. పెద్దమ్మ గొంగడి తన భుజాన వేసుకుని, గొర్ల దొడ్డి కాడికి పోతున్నామని నవ్వుతూ చెప్పింది. అతను పొమ్మని చెయ్యి ఊపాడు.

గుట్ట మీద బాపును చూసి నాకు ఏడుపొచ్చింది. అంత చిక్కిపోయాడు. పొడి అంగీలు ఒకదాని మీద ఒకటి తొడిగి గొంగడి కప్పాం. వణుకు తగ్గాక ఆయన చెవిలో నా అనుమానం ఊదాను. ఈమె క్యాంపులో పాలు పోస్తుంది, జాగ్రత్త అని.

బాపు ఆ జ్వరంలోనూ నవ్వాడు. "గామె పాలు పోస్తేనే గద బిడ్డా, వాళ్ళు ఏ దినం ఎటు దిక్కొస్తరో మాకు తెలిసేది."

పెద్దమ్మ వినీ విననట్టు పుల్లలు ఏరుతోంది. సిగ్గుతో నాకు మెడ నుంచి నడుము దాకా చెమట కారింది. ఆమె నావైపు చూసి, "ఇప్పుడు పట్టనియ్యి, ఏం గాదు" అంది.

ఇప్పుడు కూడా చలికాలం నడకకు బయలుదేరితే, ఇంకా వణుకుతుండగానే శాలువా తీసి చేతి మీద వేసుకుంటాను. మా కోడలు గొడవపెడుతుంది, పెట్టనీ. ఎవరి మీదైనా అనుమానం వచ్చి నోటిదాకా మాట వచ్చినప్పుడు మాత్రం, నా చెయ్యి ముందు నా మెడనే తడిమి చూస్తుంది.