పరుగుకు ముందు రెండు గ్లాసులు

అలివేలుమంగను ఒకచోట కూర్చోబెట్టడం నా వల్ల ఏనాడూ కాలేదు. డ్రెస్డెన్‌లో మా ఇద్దరివీ ఎదురెదురు గుమ్మాలు. టీకి పిలిస్తే వస్తుంది, కప్పు బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి పోతుంది, అక్కణ్ణుంచి వంటింట్లో దూరి నా గిన్నెలు సర్దుతుంది. ఈలోగా టీ చల్లారిపోతుంది. నాకు ఒళ్లు మండేది.

2020 వేసవిలో ఆ అస్థిమితం మరీ ముదిరింది. తండ్రి సంవత్సరీకానికని విశాఖపట్నం వెళ్లిన ఆమె భర్త, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. నేను ఇంట్లోంచే కంప్యూటర్ ముందు పని చేసుకుంటున్నాను. ఆమె పని చేసే ఎలక్ట్రానిక్ చిప్పుల ఫ్యాక్టరీ మాత్రం మూతపడలేదు. షిఫ్టు దిగడం, ఖాళీ ఇంటికి రావడం, కాలుగాలిన పిల్లిలా గదులన్నీ తిరగడం. ఇక ఉండబట్టలేక ఒకరోజు బూట్లు కట్టుకుని ఊరి అంచున ఉన్న అడవిలోకి పరుగెత్తింది. నలభై దాటిన మనిషి, అంతకుముందు ట్రామ్ కోసం తప్ప పరుగెత్తింది లేదు. అయినా లేడిలా పరుగెత్తింది.

అడవిలోనే ఊటె కంటపడింది. ఊటె రిటైరైన వ్యాయామం టీచరు, ఆ పేటలోని పరుగుల క్లబ్బుకు కోచ్. కరోనా వల్ల ఆ ఏడాది గుంపు పందేలు లేవు. ఒక్కొక్కరినే కొంత ఎడంతో వదిలి, నలుగురి సమయాలూ కలిపి జట్టుకు లెక్క కట్టేవాళ్లు. ఊటె దగ్గర ఉన్నది ముగ్గురు ఆడవాళ్లే, నాలుగో మనిషి లేకపోతే జట్టే లేదు. ఆగస్టులో జరిగే పది కిలోమీటర్ల పరుగుకు వస్తావా అని ఆమె అడిగిన సాయంత్రం అలివేలుమంగ నా గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఈ ఊరొచ్చి ఇన్నేళ్లయ్యింది గదే చంద్రికా. నువ్వు లేకపోతే మాకు కుదరదని ఒక్కళ్లయినా అన్నారా? ఈవిడ అంది."

ఆ మాటతో నాకూ ఉత్సాహం పుట్టి, పాత సైకిలుకు గాలి కొట్టించాను. ఆమె పరుగెత్తుతుంటే నేను సైకిలు మీద, నీళ్ల సీసాతో. ఆ సీసా ప్రతిరోజూ నిండుగా వెళ్లి నిండుగా వచ్చేది. ఆమె ఒక్క గుక్క కూడా ముట్టేది కాదు. ఫ్యాక్టరీ అలవాటు అనుకున్నాను. అక్కడ చిప్పుల మీద దుమ్ము పడకుండా తల నుంచి పాదాల దాకా తెల్లటి సూటు వేసుకుంటారు. బాత్రూముకు వెళ్లాలంటే అదంతా విప్పాలి, మళ్లీ తొడుక్కోవాలి. అందుకని షిఫ్టుకు ముందు చాలామంది గొంతు తడుపుకోవడంతో సరిపెట్టుకుంటారు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అనేది అలివేలుమంగ, నీళ్ల మాట ఎత్తితే చాలు.

జూలైలో ఒక ఎండరోజున ఆ సామెత బెడిసికొట్టింది. ఎనిమిదో కిలోమీటరు దాటాక ఆమె కాళ్లు తడబడ్డాయి. పిక్క పట్టేసింది, కళ్లు తిరిగాయి, పైన్ ఆకుల మీద కూలబడిపోయింది. పెదవులు తెల్లగా పొక్కులు లేచినట్టున్నాయి. వెనకే వస్తున్న ఊటె నా చేత ఆమెను నీడలోకి లాగించి, అప్పటికి ఏమీ అనకుండా, లేచి కూర్చున్నాక చెప్పింది: ఇంకొకసారి ఇలా దాహంతో పరుగుకు వస్తే జట్టులోంచి తీసేస్తాను, జట్టు లేకపోయినా ఫరవాలేదు.

తర్వాత ఊటె పాఠం చెప్పింది. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందే, మెల్లమెల్లగా రెండు గ్లాసులు తాగాలి. ఒళ్లు తనకు కావలసింది ఉంచుకుంటుంది, మిగతాది బయటికి పోవడానికి టైము ఉంటుంది. ఆఖరి నిమిషంలో గటగటా పోస్తే కడుపులో కుండ కదిలినట్టే. ఉత్త నీళ్లకంటే కాస్త ఉప్పున్నది ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అలాగని పీపాలు పీపాలు తాగినా ప్రమాదమే. తానైతే ఆపిల్ రసంలో సోడా పోసి చిటికెడు ఉప్పు వేసుకుంటుందట.

"ఆపిల్ రసంలో ఉప్పా, ఖర్మ," అంది అలివేలుమంగ ఇంటికొస్తూ.

"గట్లయితే సల్ల చేసుకో అక్కా. ఉప్పేస్తే సరి," అన్నాను. మా కరీంనగర్‌లో మజ్జిగను సల్ల అంటాం, ఆవిడకు అదొక నవ్వు.

మర్నాటి నుంచి పల్చటి మజ్జిగ, ఉప్పు, నిమ్మకాయ. రోజూ నేనే చేసి ఇచ్చేదాన్ని. అయినా పరుగు పూర్తయ్యేసరికి ఆ మొహం అలాగే పీక్కుపోయి ఉండేది. ఒకరోజు ఆమె ఇంట్లో మరచిపోయిన తాళం కోసం వెనక్కి వెళితే, నేనిచ్చిన గ్లాసును సింకులో వంపుతూ దొరికింది.

"ఏందక్కా ఇది? రోజూ గిట్లనే పారబోస్తున్నవా?"

ఆమె గ్లాసు కడిగింది. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

"నువ్వు పడిపోయిన నాడు నా పానం పోయింది. నీకు జట్టు అక్కర్లేకుంటే చెప్పు, నేనే ఊటెకు ఫోన్ చేస్త."

"జట్టు కావాలే," అంది. "తాగితే వస్తుంది గదే. వస్తే ఎక్కడికెళ్లను? ఆ క్లబ్బుకి తాళం వేసేరు. అక్కడి కేఫు లోపలికి రానివ్వడం లేదు."

"అడవి మొత్తం ఉన్నది. ఆ ముగ్గురు పోతలేరా చెట్ల చాటుకు?"

అప్పుడు కూర్చుంది. నా ఎదుట ఆమె కుదురుగా కూర్చోవడం అదే మొదలు. ఆమె చదివింది గోదావరి అవతల పల్లెలో హైస్కూలు, అక్కడ ఆడపిల్లలకు బాత్రూము లేదు. ఏడో తరగతి దాటిన పిల్లలు పొద్దున లేచింది మొదలు బడి వదిలేదాకా నీళ్లు తాగేవారు కారు. ఒక వానాకాలం ఆపుకోలేక చెరుకు తోటలోకి వెళితే గట్టు మీద మగపిల్లలు ఈలలు వేశారు, బురద ముద్దలు విసిరారు. పావడా తడిసింది. తడి పావడాతో ఊరి మధ్య నుంచి ఇంటికి నడిచింది.

"గొంతులో నీళ్లు పడితే చాలు, ఆ గట్టు కనపడుద్ది," అంది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పిల్లల్ని దాహంతో కూర్చోబెట్టి పాఠాలు చెప్పిన ఆ పెద్దలందరి మీదా వచ్చింది. మా బళ్లోనూ బాత్రూము ఒకటుండేది, దాని తాళం హెడ్మాస్టరు జేబులో ఉండేది. ఆ సంగతి చెప్పాను.

"పందెం నాడు తాగుతానే," అంది చివరికి. "నా ఎదురుగా కూర్చో."

కూర్చున్నాను. ఆగస్టు ఆదివారం, పొద్దుటి నుంచే ఉక్క. రెండు గ్లాసులూ మందు తాగినట్టు తాగింది. బయల్దేరే ముందు ఇంట్లో రెండుసార్లు బాత్రూముకు వెళ్లింది. అంతా ఊటె చెప్పిన లెక్క ప్రకారమే ఉంది. కానీ అడవి దగ్గర పేర్లు రాసుకునే చోట ఏదో గందరగోళమై, ఒక్కొక్కరినీ వదలడం చాలా ఆలస్యమైంది. అలివేలుమంగ అటూ ఇటూ నడుస్తోంది. తాళం వేసిన క్లబ్బు తలుపు దాకా పోయి లాగి చూసి వచ్చింది.

వదిలారు. మొదటి సగం ఆమె పరుగు చూస్తే నాకు గర్వం పొంగింది. కాళ్లు తేలిగ్గా పడుతున్నాయి, మొహంలో కళ ఉంది. ఆరో కిలోమీటరు దగ్గర వేగం తగ్గింది. ఏడో దగ్గర ఆగిపోయింది.

"నా వల్ల కాదే. ఇంటికి పోదాం."

"పోతే జట్టు పోతది."

"తెలుసు."

దారి వంక చూసింది, చెట్ల వంక చూసింది. నేను సైకిలు పడేసి, చున్నీని రెండు చేతులా తెరలా పరిచి, దారికి అడ్డంగా ఆమె వైపు వీపు పెట్టి నిలబడ్డాను. వెనకాల తుప్పలు కదిలాయి. అంతలో మలుపులోంచి కుక్కను పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. ఆయన నన్ను చూశాడు, చున్నీని చూశాడు, నమస్కారంలాంటిదేదో గొణిగి, తలైనా తిప్పకుండా తన దారిన పోయాడు.

అలివేలుమంగ బయటికి వచ్చింది. ఆయన వెళ్లిన వైపు చూసింది.

"ఏమీ అనలేదేంటే?" అంది, పరుగు మొదలుపెడుతూ. కళ్లమ్మట నీళ్లు కారుతూనే ఉన్నాయి, కాళ్లు మాత్రం ఆగలేదు.

జట్టు చివరి నుంచి రెండోది. గీత దాటగానే ఊటె గడియారం చూసి, మధ్యలో అంత ఆలస్యం ఏమిటి, మళ్లీ కళ్లు తిరిగాయా అని అడిగింది. చుట్టూ ఎడంగా పాతికమంది ఉన్నారు. అలివేలుమంగ తన వచ్చీరాని జర్మన్‌లో, అందరికీ వినపడేలా, ఉచ్చ పోసుకోవడానికి ఆగాను అని చెప్పింది.

"మంచిది," అంది ఊటె. "అంటే సరిపడా తాగావన్నమాట." ఉప్పు కలిపిన తన ఆపిల్ రసం సీసా చాపింది.

ఇల్లు చేరడానికి నడకన ముప్పావు గంట పడుతుంది, దారిలో తెరిచి ఉన్న బాత్రూము ఒక్కటీ లేదు. అలివేలుమంగ గడ్డి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, మూత తీసి సీసాలో సగం తాగింది.