మరగని నీళ్ళతో పెట్టిన పరీక్ష

అరవై రెండో సంవత్సరం ఆగస్టులో నన్ను వాకాడు వైపు, సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక ప్రైమరీ హెల్త్ సెంటర్‌కి హెల్త్ విజిటర్‌గా వేశారు. ఊరి పేరు రాయొద్దులే, ఆ ఇళ్ళవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. హెల్త్ విజిటర్ అంటే నర్సుకి పైన, డాక్టరుకి కింద. ఇల్లిల్లూ తిరిగి గర్భిణులను చూడటం, పురుళ్ళు పోసే మంత్రసానులకు శుభ్రంగా పని చేయడం నేర్పించడం నా డ్యూటీ. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. నాయుడుపేట దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని, పడవెక్కాలంటేనే భయం.

ఆ చుట్టుపక్కల చేపలు పట్టేవాళ్ళ పాలేల్లో పుట్టిన పదిరోజుల్లోపే బిడ్డలు పోతుండేవాళ్ళు. బాగా పాలు తాగిన బిడ్డ ఉన్నట్టుండి తాగడం మానేస్తాడు, దవడ బిగుసుకుపోతుంది, ఒళ్ళు విల్లులా వంగుతుంది. ధనుర్వాతం అది. బొడ్డుతాడు కోసే కత్తి నుంచి వస్తుంది. కత్తెరను ఇరవై నిమిషాలు నీళ్ళలో మరిగించి కోస్తే చాలావరకు ఆపొచ్చు. నెలరోజుల శిక్షణలో నేను చెప్పాల్సిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

శిక్షణకు తొమ్మిది మంది మంత్రసానులు వచ్చారు. వాళ్ళలో పోలమ్మక్క పెద్దది. యాభై దాటి ఉంటాయి. నేను పుట్టకముందు నుంచీ పురుళ్ళు పోస్తున్న మనిషి. నెల చివర పరీక్ష పెట్టి, పాసైనవాళ్ళకి సర్టిఫికెట్టూ, కత్తెర, దారం, సబ్బు, గిన్నె ఉన్న అల్యూమినియం పెట్టె కూడా ఇవ్వాలి. పరీక్ష ఉందని నిజం పురుడు ఆ రోజే రాదు కదా, బొమ్మ మీద చేయించేవాళ్ళం. మద్రాసు నుంచి రావాల్సిన తోలు బొమ్మ రాలేదు. నేనే ఒక వెదురు బుట్టకు అడుగు కోసి, పైన చీర కప్పి తల్లిని చేశాను. పాత గుడ్డలతో బిడ్డను కుట్టి, లంగా నాడా కుట్టి బొడ్డుతాడన్నాను.

బొమ్మను చూసి పోలమ్మక్క ఊరుకోలేదు.

"ఈ బిడ్డకి ముక్కేది నర్సమ్మా? వాళ్ళ నాయన పోలికా?"

పక్కనున్న ఆమె అందుకుంది. "తల్లి మాత్రం మంచిది అక్కా. అరవదు, తిట్టదు."

"అత్త మాటకి ఎదురు కూడా చెప్పదు. ఇట్టాంటి కోడల్ని నాకు ముందే చూపించి ఉంటే ఎంత బాగుండు."

పరీక్షకు మా మెడికల్ ఆఫీసరు గారు కూర్చున్నారు. చేతులు కడగడం నుంచి మాయ చూడటం దాకా మార్కుల పట్టికలో ఇరవై అంశాలు. ఒక్కొక్కటి చేసి చూపిస్తే ఆయన టిక్కు పెడతారు. కత్తెర మరిగించడం దగ్గరికి వచ్చేసరికి చిక్కు వచ్చింది. ఉన్నది ఒకటే పంపు స్టవ్, కిరసనాయిలు అడుగంటింది. తొమ్మిది మందికి ఇరవై నిమిషాల చొప్పున మూడు గంటలు. ఆయన మధ్యాహ్నం బస్సుకి నాయుడుపేట వెళ్ళాలి.

అప్పుడు నేనే అన్నాను. "నీళ్ళు మరిగినట్టే అనుకుందాం. కత్తెర గిన్నెలో వేసి, 'మరిగినాయి' అని చెప్పి తియ్యండి."

డాక్టరు గారు సరేనన్నారు. తొమ్మిది మందీ చల్లటి నీళ్ళ గిన్నెలో కత్తెర వేశారు, 'మరిగినాయి' అన్నారు, తీశారు. తొమ్మిది టిక్కులు పడ్డాయి. అందరూ పాస్. పెట్టెలు ఇచ్చేసి, ఫలితాలు నెల్లూరు ఆఫీసుకి పంపేశాం.

శిక్షణ పొందిన మంత్రసాని చేసే పురుడు ఒకటైనా పక్కనుండి చూడాలని మాకు రూలు. పదిహేను రోజుల తర్వాత పోలమ్మక్క కబురు పంపింది. వాళ్ళ పాలెంలోనే తొలిచూలు పిల్లకు నొప్పులు. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళాను. మగవాళ్ళు వేటకు పోయారు. ఇంట్లో ఆ పిల్ల, వాళ్ళ అత్త, మేమిద్దరం.

పోలమ్మక్క చేతులు చూస్తే ముచ్చటేసింది. గోళ్ళు కత్తిరించుకుని ఉంది, మోచేతుల దాకా సబ్బు పెట్టింది. పదకొండింటికి ఆడబిడ్డ పుట్టింది, వెంటనే ఏడ్చింది. తాడుకు రెండు చోట్ల దారం కట్టింది. పెట్టెలోంచి కత్తెర తీసి, కుండలోని చన్నీళ్ళు గిన్నెలో పోసి అందులో వేసింది. గట్టిగా, స్పష్టంగా "మరిగినాయి" అంది. కత్తెర తీసి తాడు మీద పెట్టింది.

ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకే తెలియలేదు.

"ఏంది నర్సమ్మా? ఏం తప్పు చేసినా?"

"నీళ్ళు మరగలేదు అక్కా."

"చెప్పినా గదా మరిగినాయని."

అప్పుడు మాట్లాడే టైము లేదు. పొయ్యి రాజేయమని అత్తకు చెప్పాను. బిడ్డను తుడిచి, గుడ్డ చుట్టి, తాడుతో సహా తల్లి పొట్ట మీద పడుకోబెట్టాను. దారం కట్టాక తాడు కోయడం ఆలస్యమైతే బిడ్డకు ఏమీ కాదు. ఆ సంగతి ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

"కొయ్యకుండా ఎట్టా పెడతారమ్మా?" అని అత్త గాభరా పడింది. "బిడ్డ పానం మాయలోకి ఎక్కిపోతుందంటారే."

"ఏమీ కాదమ్మా. ఆ ఎండుపుల్లలు ఇటు తే."

నీళ్ళు తెర్లడానికి కొంతసేపు, ఆ మీదట ఇరవై నిమిషాలు. నా చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. తల్లి ఏడుస్తోంది, అత్త గొణుగుతోంది. పోలమ్మక్క మాత్రం ఆ గిన్నె వంకే చూస్తోంది. ఆ కత్తెరతోనే తాడు కోశాక, ఆమెను బయటికి పిలిచి ఎందుకలా చేశావని అడిగాను.

"మొదటిరోజు మరిగించమన్నావు" అంది. "పరీక్ష నాడేమో గిన్నెలో ఏసి మాట చెప్పమన్నావు. పెద్ద డాక్టరు తల ఊపినాడు. మేం కూడా కత్తి తీసేటప్పుడు అమ్మవారి పేరు చెప్తాం గదా. మీ కత్తెరకి మీ మాట అనుకున్నా. పరీక్షలో చేసిందే సరైందనుకుంటాం గానీ, అబద్ధం చేయించినారని ఎవరైనా అనుకుంటారా?"



"ఈ పెట్టెతో ఇంతకుముందు ఎవరికైనా చేశావా అక్కా?"

ఆమె మొహం మారిపోయింది. "నా కోడలికి. ఈ రోజుకి ఐదో రోజు. మగబిడ్డ."

ఇద్దరం వాళ్ళింటికి దాదాపు పరుగెత్తాం. బిడ్డ నిద్రపోతున్నాడు. చేతులు కడుక్కుని చిటికెన వేలు నోట్లో పెట్టాను. ఒక్క క్షణం ఆగి చప్పరించాడు. దవడ వదులుగానే ఉంది. కానీ ఐదో రోజంటే ధైర్యం చెప్పడానికి లేదు, రెండు వారాలు గడవాలి. ధనుర్వాతం రాకుండా ముందుగా వేసే సీరం మందు మా సెంటర్‌లో లేదు. జబ్బు పైకి తేలాక నెల్లూరు తీసుకెళ్ళినా దక్కేది తక్కువ.

ఆ సాయంత్రం డాక్టరు గారికి చెప్పాను. 

"ఫలితాలు వెళ్ళిపోయాయి. ఇప్పుడు పరీక్ష తప్పని రాస్తే ముందు నీ మీదికే వస్తుంది. నీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు" అన్నారు.

"మిగతా ఎనిమిది మంది చేతుల్లో కూడా అవే కత్తెరలు ఉన్నాయి సార్."

ఆయన కాగితం నా ముందుకు తోశారు. పరీక్ష తప్పుగా పెట్టామని నేను నెల్లూరుకి రాశాను, కింద ఆయన కూడా సంతకం పెట్టారు.

తర్వాత మూడురోజులు పాలేలన్నీ తిరిగాను. రెండుసార్లు పడవ కూడా ఎక్కాను. మళ్ళీ పరీక్ష అయ్యేదాకా కత్తెరలు వెనక్కి తీసుకున్నాను. పురుడొస్తే నాకో, నర్సుకో కబురు చేయమన్నాను. కత్తెర ఎలా మరిగిస్తారో చేసి చూపించమంటే మరో ఇద్దరు 'మరిగినాయి' అనే చేశారు. అదృష్టం, వాళ్ళిద్దరూ ఆ కత్తెరతో ఇంకా ఎవరికీ పురుడు పోయలేదు. మిగతావాళ్ళు మరిగిస్తూనే ఉన్నారు.

రోజూ పొద్దున్నే పోలమ్మక్క మనవడి దగ్గరికి వెళ్ళేదాన్ని. బిడ్డకు ఏడోరోజున నేను వెళ్ళేసరికి ఆమె గడపలోనే నిలబడి ఉంది.

"రొమ్ము పట్టడం లేదు నర్సమ్మా."

లోపలికి వెళ్ళి వేలు పెట్టాను. నోరు తెరుచుకుంది, బిగుతు లేదు. ఊపిరి మాత్రం గురగురమంటోంది. ముక్కు మూసుకుపోయి ఉంది. తడిగుడ్డ కొసతో మెల్లగా తుడిచాం. రెండుసార్లు తుమ్మాడు. రొమ్ము దగ్గర పెడితే పట్టుకున్నాడు. పోలమ్మక్క గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. నాకు కూర్చోవాలని ఉన్నా కూర్చోలేదు, అక్కడ నర్సమ్మను కదా.

పదిహేనో రోజు దాటింది. బిడ్డ నిలిచాడు.

మళ్ళీ పరీక్షకు సెంటర్ వెనక తొమ్మిది పొయ్యిలు పెట్టించాం. వాళ్ళెవరి దగ్గరా గడియారం లేదు, ఇరవై నిమిషాలు ఎలా తెలుస్తుందని డాక్టరు గారు అడిగారు. పోలమ్మక్కే దారి చెప్పింది.

"పక్క పొయ్యి మీద ఎసరు పెట్టుకుంటామయ్యా. కత్తెర నీళ్ళు తెర్లినాక బియ్యం పోస్తాం. అన్నం వార్చినాక కత్తెర తీస్తాం. బాలింతకి పథ్యం కూడా తయారవుద్ది."

గడియారం పెట్టి చూశాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ రోజు డాక్టరు గారి బస్సు తప్పింది. ఆ అన్నమే అందరం తిన్నాం. నెల్లూరు నుంచి నాకు మెమో వచ్చింది, సంజాయిషీ రాశాను. ఉద్యోగం పర్మినెంటు కావడం ఏడాది ఆలస్యమైంది.

ఆ బిడ్డ బతికాడు కాబట్టి మా పరీక్ష వల్ల నష్టం లేదనుకోకూడదు. వాడు ఎందుకు బతికాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసింది ఒక్కటే. పరీక్షలో దేన్ని చేసినట్టే అనుకోమంటామో, చేతులు దాన్ని అలాగే నేర్చుకుంటాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఎందరికో పరీక్షలు పెట్టాను. బిడ్డ గుడ్డబొమ్మే, తల్లి వెదురు బుట్టే. నీళ్ళు మాత్రం మరిగేవి.