కుల్ఫీ క్యానులో ధ్రువసముద్రపు మట్టి

కారు వెనక సీటులో, నా పక్కన, తెల్ల థర్మాకోల్ పెట్టె ఒకటి ఉంది. దానికి సీటు బెల్టు కూడా పెట్టాను. డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాపుకున్నాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నా ఐదేళ్ల చదువు అందులో ఉంది.

పెట్టెలో ఉన్నది మట్టి. దక్షిణ ధ్రువం చుట్టూ ఉండే సముద్రం అడుగు నుంచి తీసి, పొరలు పొరలుగా కోసి, బొటనవేలంత గొట్టాల్లో నింపి గడ్డకట్టించిన మట్టి. మొత్తం అరవై గొట్టాలు, రెండు ట్రేలు. దాని కోసం రెండు నెలలు ఓడలో ఉన్నాను. అందులో పదిహేను రోజులు వాంతులతోనే సరిపోయాయి. అక్కడ సముద్రం మీద తేలే మంచు కింద సన్నటి నాచు బతుకుతుంది. అది చచ్చి అడుక్కు దిగి, ఏటికేడు మట్టిలో కలుస్తుంది. ఆ నాచులోని కొవ్వు ఏ పొరలో ఎంత ఉందో కొలిస్తే, ఆ కాలంలో అక్కడ మంచు ఎలా ఉండేదో అంచనా కట్టవచ్చు. కింది ట్రేలోవి మా ముత్తాతల కాలం నాటి పొరలు. పై ట్రేలోవి నేను పుట్టి పెరిగిన కాలానివి. ఈ మధ్య అక్కడ ఏం మారిందో చెప్పాల్సింది ఆ పై ట్రేనే.

షరతు ఒక్కటే, మట్టి చల్లదనం పోకూడదు. సున్నాకు పదిహేను డిగ్రీల కిందే ఉండాలన్నది మా ల్యాబు నియమం. వేడి తగిలితే మట్టిలో పడుకున్న సూక్ష్మజీవులు లేచి ఆ కొవ్వును తినడం మొదలుపెడతాయి. ఆ తర్వాత ఎంత గొప్ప యంత్రంలో పెట్టినా వచ్చిన లెక్కను నమ్మలేం.

నాగపూర్ దిక్కున ఒక ల్యాబులో కొన్ని కొలతలు చేయించుకుని, మిగతావాటి కోసం హైదరాబాదు తెస్తున్నాను. మే నెల. పొద్దున ఆరింటికి బయలుదేరాం. కింది ట్రే చుట్టూ డ్రై ఐస్ గడ్డలు పేర్చారు. అది కరిగి నీరు కాదు, నేరుగా పొగై పోతుంది. హైదరాబాదు దాకా ఢోకా లేదని పెట్టె కట్టినవాళ్లు మాటిచ్చారు. ఒకరి మాట నమ్మి ఊరుకునే రకాన్ని కాను నేను. లోపలి వేడిని రాసుకునే చిన్న బిళ్ల ఒకటి పై ట్రేకు అంటించి ఉంది గానీ, అది రాసుకున్నది చదవాలంటే ల్యాబుకు చేరి కంప్యూటరుకు తగిలించాల్సిందే. అప్పటిదాకా, మూత తీయకుండా లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఆ తెలియకపోవడం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆదిలాబాద్ దాటాక మూత తీసి, పై ట్రే ఎత్తి, గడ్డ ఎంత ఉందో చూశాను. బాగానే ఉంది. నిర్మల్ ఘాటుకు ముందు ఒకసారి, దిగాక ఇంకోసారి చూసుకున్నాను.

ఆర్మూర్‌లో డ్రైవరు చాయ్ కోసం ఆపాడు. మాచారెడ్డి మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, మాట తక్కువ. అతను చాయ్ గ్లాసు పట్టుకుని తిరిగి వస్తుండగా నేను మూత తీసి చూశాను. గడ్డ సగానికి పైగా పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎండల బండి పెట్టి చాయ్ తాగుడేంది అన్నా? ఇది చల్లగుండాలె అని పొద్దటిసంది మొత్తుకుంటున్న గద."

"చెట్టు కిందనే పెట్టిన మేడం" అన్నాడు.

వేపచెట్టు నీడ బండి మీదే ఉంది. అయినా నా నోరు ఆగలేదు. అతని ముందే మా ఆఫీసులో బండ్లు పంపే ఆయనకు ఫోన్ చేసి, ఈ డ్రైవర్‌ను ఇంకెప్పుడూ నాకు పంపొద్దని చెప్పాను. డ్రైవరు చాయ్ పారబోసి గ్లాసు ఇచ్చి వచ్చాడు. మెడలో తువ్వాల తీసి, తడిపి పిండి, పెట్టె మీద కప్పాడు. ఏసీ పూర్తిగా పెంచి బండి తీశాడు.

సదాశివనగర్ వచ్చేసరికి సబ్బుబిళ్లంత ముక్క మిగిలింది. హైదరాబాదులో మా ల్యాబు గేటు ఇంకా మూడు గంటల దూరం. బండి పక్కకు ఆపించి, నా పరిశోధన చూసే మా సారుకు ఫోన్ చేశాను. కామారెడ్డిలో ఏదైనా డీప్ ఫ్రీజర్ దొరుకుతుందేమో చూడమన్నారు. అక్కడ ఎలాగూ ఆగాల్సిందే. ఎల్లారెడ్డిలో బట్టలు కుట్టే మా అక్క, నా జాకెట్లు పట్టుకుని బస్సెక్కి వచ్చి, కామారెడ్డి బస్టాండు బయట నా కోసం నిలబడి ఉంది.

"ఐస్‌క్రీం షాపు ఎక్కడుందక్కా?" అన్నాను, బాగున్నావా అని కూడా అడగకుండా.

"నిన్న మాపటి గాలిదుమారానికి స్తంభాలు పడ్డయి. ఎల్లారెడ్డిల లేదు కరెంటు, ఈడ లేదు. షాపులోళ్ల ఐస్‌క్రీంలన్ని నీళ్లయినయి. ఏమైందే, మొఖం గట్ల పెట్టినవ్?"

చెప్పాను. చెబుతూ చెబుతూనే మూత తీసి, ట్రే ఎత్తి చూపించాను. అక్క నా చేతి మీద ఒక్కటి వేసింది.

"చూపెట్టుడు తర్వాత, ముందు మూతెయ్. చిన్నప్పుడు పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఘడియకోసారి మూత తీసి చూసేదానివి. అవ్వ ఎంత తిట్టినా ఇనలే. ఇంకా పోలేదా నీకా బుద్ధి?"

ఆ మాట అప్పుడు చెవిన పెట్టలేదు. "ఏడుపొస్తుందక్కా" అన్నాను. నిజంగానే వస్తోంది.

"ఐసు గడ్డ తెచ్చి పెడదామా?"

"ఐసు చాలదు. నా మట్టి ముందర ఐసు కూడ వేడే."

అక్క కాసేపు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత బండెక్కి కూర్చుని, "కుల్ఫీ తాత ఇంటికి పోనియ్యన్నా. ఆయనకు కరెంటుతోని పని లేదు" అని డ్రైవరుకు దారి చెప్పింది.

కుల్ఫీ తాతను చూడగానే గుర్తుపట్టాను. మేం బడికి పోయే రోజుల్లో బస్సు మీద పీపా వేసుకుని ఎల్లారెడ్డికి వచ్చి, మా బడి గేటు ముందు గంట కొట్టిన మనిషే. ఇప్పుడు రేకుల కింద స్టూలు మీద కూర్చుని, మోచేతుల దాకా తడిసి, కట్టె పీపాలో ఐసు కూరుతున్నాడు. సాయంత్రం పెండ్లికి కుల్ఫీలు ఇవ్వాలట. ఐసు ఫ్యాక్టరీ కూడా మూతపడిందని, ఉన్న ఐసు ఆ పెండ్లికే సరిపోతుందని అతని భార్య గుమ్మంలోనే అక్కకు చెప్పింది.

"ఏముందిండ్ల, మందులా?" అని తాత పెట్టె వంక చూశాడు.

"మట్టి తాతా" అన్నాను.

"మట్టికి ఐసెందుకు బిడ్డా?"

నాకు ఓపిక లేదు, అయినా చెప్పాను. మంచు కింది నాచు, దాని కొవ్వు, వేడి తగిలితే నెయ్యి చెడినట్టు చెడిపోవడం. అతను పని ఆపి విన్నాడు.

"చెడితే మల్ల తెచ్చుకోరాదా?"

"ఓడ మల్ల ఎప్పుడు పోతదో తెల్వదు. పోయినా నన్ను తీస్కపోతరో లేదో. తీస్కపోయినా గదే మట్టి దొరకదు."

తాత పీపాలోకి చూశాడు, భార్య వైపు చూశాడు. "కుల్ఫీ రేపు గూడ అయితది. పెండ్లోళ్లు తిడితే తిట్టనీ" అన్నాడు. ఆమె ఏదో గొణుక్కుంటూ లోపలికి పోయింది.

"కానీ తాతా, ఉత్త ఐసు..." అని నేను మొదలుపెట్టేలోపు అతను పక్కనున్న దొడ్డుప్పు సంచి లాగాడు. "ఉత్త ఐసుతోని కుల్ఫీ గడ్డకడతదా? ఉప్పు పడాలె."

సిగ్గుతో చచ్చిపోయాను. ఉప్పు కలిసిన నీరు సున్నా దాటి కిందికి పోయినా ఎందుకు గడ్డకట్టదో ఓడలో కొత్తవాళ్లకు పాఠం చెప్పింది నేనే. ఉప్పునీళ్ల మీదే నా చదువంతా. ఆ పూట అది నా బుర్రకు తట్టనే లేదు.

ఉప్పునీళ్లు గొట్టాల్లోకి పోతే ఎలా అని అడిగాను. తాత పాల క్యాను ఒకటి తెచ్చి పీపా నడిమధ్యలో పెట్టాడు. ముందు క్యాను చుట్టూ ఐసు, ఉప్పు కూరి, అది బాగా చల్లబడేదాకా నన్ను పెట్టె ముట్టుకోనివ్వలేదు. ఈలోపు అక్క గోధుమపిండి తడిపి ముద్ద చేసింది. నేను సంచిలోని సన్నటి థర్మామీటరు ఐసులో గుచ్చితే సున్నాకు పంతొమ్మిది కింద చూపించింది. ఎంత ఉప్పు వేశావు తాతా అంటే, చేతికి తెలుస్తది అన్నాడు.

"ఇగ తే. జల్ది."

ట్రేలతో సహా దింపితే క్యానులో పట్టవు. గొట్టాలు కట్టలుగా కట్టి దింపాలి. పై ట్రేలోవి పచ్చ రబ్బరుతో, కిందివి ఎర్ర రబ్బరుతో. ఒక గొట్టం జారి తాత ఒడిలో పడితే వేడి పాత్రను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో తీసి అందించాడు. బిళ్లను పచ్చ కట్టకు అంటించాను. తాత మూత బిగించి, అంచు చుట్టూ పిండి మెత్తి, ఆ పైన మళ్లీ ఐసు, ఉప్పు, గోనె సంచి వేసి, తాడుతో అడ్డంగా నిలువుగా కట్టాడు.

"హైదరాబాదు దాక పిండి పగలగొట్టద్దు. ఒక్కసారి తీసినవంటే నా ఐసంత దండగ."

పీపాను వెనక సీటులో పెట్టించుకుని బయలుదేరాక గానీ గుర్తురాలేదు, జాకెట్ల సంచి అక్క చేతిలోనే ఉండిపోయింది.

ఆ మూడు గంటలు నా బతుకులో చాలా పెద్దవి. చేతులు ఊరికే తాడు మీదికి పోతున్నాయి. లోపల పిండి పగిలిందేమో, నీళ్లు చేరాయేమో, అంతా అయిపోయిందేమో. చివరికి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "కండ్లు మూసుకోండ్రి మేడం, నేను తీస్కపోత" అన్నాడు. ఆర్మూర్ తర్వాత అతను నాతో అన్న మొదటి మాట అది.

ల్యాబులో పిండి పగలగొట్టాం. గొట్టాలు పొడిగా, రాయిలా ఉన్నాయి. ఒక్కటి కూడా కరగలేదు. వాటిని ఫ్రీజర్‌లో సర్ది, కుర్చీలో కూలబడి, తెచ్చిన మట్టికి నింపాల్సిన ఫారం తీశాను. అందులో ఒక గడి ఉంటుంది. దారిలో వేడి పెరిగి ఉంటే కారణం రాయాలి. అక్కడ రాయాల్సింది దారిలోనే మనసులో రాసి పెట్టుకున్నాను. ఎండ, డ్రైవరు ఆలస్యం. ముందు బిళ్ల ఏం చెబుతుందో చూద్దామని కంప్యూటరుకు తగిలించాను.

తెర మీద గీత వచ్చింది. పొద్దున్నుంచి కామారెడ్డి దాకా ఆరు చోట్ల నిట్టనిలువుగా లేచింది. లేచిన ప్రతిసారీ ముందటి కంటే ఇంకొంచెం పైకి పోయింది. సమయాలు సరిచూశాను. ఆర్మూర్‌లో బండి చెట్టు కింద ఆగి ఉన్న పావుగంట గీత కదలనే లేదు. నేను మూత తీసిన నిమిషాన లేచింది. ఆదిలాబాద్, నిర్మల్, సదాశివనగర్, అన్నిచోట్లా అంతే. ఆరోది అక్కకు చూపించినప్పటిది. గడ్డ చూడాలని ప్రతిసారీ పై ట్రేను ఆ వేడిగాలిలో చేత్తో పట్టుకుని నిలబడింది నేను. గొట్టాలు క్యానులోకి మార్చినప్పుడు చిన్నగా ఒకసారి లేచి, ఆ తర్వాత తాత తాడు కట్టిన దగ్గర నుంచి ల్యాబు దాకా సాఫీగా ఒక్కటే గీత.

సదాశివనగర్ దగ్గరే పై ట్రే సున్నాకు పదిహేను కింద అన్న హద్దు దాటేసింది. ట్రే గట్టిగానే ఉంది, కరగలేదు, కానీ నియమం నియమం. పచ్చ రబ్బరు కట్టల్లోని ముప్పై గొట్టాలూ అనుమానం కింద పక్కన పెట్టాల్సిందే. గడ్డల నడుమ కదలకుండా ఉన్న కింది ట్రేకు ఏమీ కాలేదు. ముత్తాతల కాలం భద్రంగా ఉంది. నా కాలాన్ని నేనే చెడగొట్టుకున్నాను. చాలాసేపు ఏడ్చాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు, ఎవరూ మిగల్లేదు.

గడిలో రాశాను. నేను దారిలో ఆరుసార్లు మూత తీశాను.

బండ్లు పంపే ఆయనకు ఫోన్ చేసి, నా ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నానని చెప్పాను. మీరు అన్నాక ఆ డ్రైవర్‌ను ఈ పని నుంచి తప్పించేశామన్నాడు. తప్పు నాదని రాసిస్తాను, మళ్లీ తీసుకోండి అన్నాను. సరే చూద్దాం అన్నాడు. తర్వాత డ్రైవర్‌కు చేశాను.

"అన్నా, బండి ఎండల పెట్టలేదు నువ్వు. నేనే ఆరుసార్లు మూత తీసిన. అందుకే గడ్డ పోయింది. నిన్ను ఊరికే అన్న."



"ఏడు మేడం" అన్నాడు. "సదాశివనగర్ల రెండుసార్లు తీసిండ్రు. తీసి చూసి సారుతోని మాట్లాడిండ్రు, ఫోన్ పెట్టేసి ఎంటనే మల్ల తీసిండ్రు. నేను అద్దంల చూస్తనే ఉన్న."

తెర మీది గీత వైపు చూశాను. సదాశివనగర్ దగ్గరి ఎత్తు మిగతావాటికంటే వెడల్పుగా ఉంది. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే ఇంటుంటిరా మేడం?"

ఫోన్ పెట్టేశాక ఫారంలో ఆరు కొట్టేసి ఏడు రాశాను.