గాలి తీసిన పిన్నీసు

మా చిన్నప్పుడు మా నాయన జీపు సముద్రం ఇసుకలో దిగబడిన మాట నిజమే చిన్నాయనా... కానీ నిన్న పదిమంది ముందు "ఇసకలో కూరేసిన బండికి ఇంత ఏడుపేందిరా? రేపు తూకానికేసేస్తున్నా" అన్నావే... నువ్వు చెప్పింది సగమే. మిగతా సగం ఇక్కడ, అందరూ చదివే ఈ గ్రూపులో రాస్తున్నా.

రాష్ట్రం విడిపోయిన కొత్తలు. నేను ఐదో తరగతి. మార్కాపురం పలకల గనుల్లో నాయన ఆ జీపు తోలేవాడు. అమ్మ సముద్రమే చూడలేదని ఒక ఆదివారం అందరం కొత్తపట్నం బయలుదేరాం. గనిబాటకు పోయినట్టే నాలుగు టైర్లకూ రాయిలా గాలి కొట్టించాడు నాయన...

ఫోర్‌వీల్ గేరేసి నేరుగా ఇసుకలోకి దించాడు. నీళ్ళదాకా పోనేలేదు... చక్రాలు సగానికి దిగిపోయాయి. రేసిచ్చేకొద్దీ ఇంకా లోపలికి.

"రాళ్ళు తేండ్రా, చక్రాల కింద ఎయ్యాల" అని అరిచాడు నాయన.

"ఈడ రాళ్ళేడియి? ఇదేమన్నా మన గని అనుకున్నావా?" అమ్మ నవ్వింది.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన కేకేశాడు. "గాలి తీసెయ్ తమ్ముడూ!"

నాయన మొహం ఎర్రబడింది. "ఏందీ? నా గాలి తీస్తావా? నల్లమలలో తోలినోణ్ణి నేను!"

"నీది కాదయ్యా... టైర్లది!"

పొట్ట పట్టుకుని నవ్వింది నువ్వే కదా చిన్నాయనా... నాయన స్టీరింగు వదల్లేదు, కిందికి దిగలేదు. అమ్మే దిగింది. గాజుకున్న పిన్నీసు తీసి, ఇసుకలో చతికిలబడి, ఒక్కో టైరుకూ గాలి కొట్టే వాల్వులో నొక్కిపట్టింది... సుయ్‌మని సగం గాలి పోయింది.

"ఇంగ తోలు" అంది.

జీపు మెల్లగా పైకి లేచింది! తడి ఇసుక మీద, అలలు చక్రాలను కొడుతుంటే... వెనకాల నువ్వూ నేనూ నిలబడి ఒకటే కేకలు.

"ఇన్ని నీళ్ళు ఈడ పెట్టుకోని, మన బోరులో చుక్క రాదేందయ్యా?" అంది అమ్మ. అప్పుడు నవ్వాడు నాయన.

మరుసటేడే అమ్మ పోయింది. నేను బడి మానేసి నాయన పక్కన జీపెక్కాను. ఆ పిన్నీసును నాయన తాళంచెవికి తగిలించుకున్నాడు. పోయినేడు తను పోయేదాకా తీయలేదు...

పొద్దున వాకిట్లో జీపు చూశాను. నాలుగు టైర్లలోనూ గాలి లేదు... ఎవరూ తీయకుండానే పోయింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే, తూకానికి పోకముందే దాని కథ ఇక్కడ రాయండి...

పాత ఇనుము ఆటో వచ్చింది. చిన్నాయన తాళంచెవి అడుగుతున్నాడు. దానికున్న పిన్నీసన్నా తీసి దాచుకుందామంటే తుప్పుపట్టింది, ఊడిరావట్లేదు... పోవాలి.