రుక్మిణి ప్రయోగాన్ని పాడుచేసింది నేనే

ఏడేళ్ళుగా ఈ మాట లోపలే దాచుకున్నాను. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

బెంగళూరులో ఒక పరిశోధనశాలలో పనిచేసేదాన్ని. నాకు ఎండోమెట్రియోసిస్ ఉంది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరుగుతుంది. నెలనెలా నడుము విరిచేస్తుంది. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ పొరను పెంచే ఒక జన్యువు నోరు చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో మూయించవచ్చేమోనని మొదట అన్నది నేనే. రెండేళ్ళు తంటాలు పడ్డాను. ఏమీ రాలేదు.

తర్వాత రుక్మిణి చేరింది. బళేపేటలో గాజులంగడి వాళ్ళమ్మాయి, నాకంటే ఆరేళ్ళు చిన్నది. నాలుగు నెలల్లో, రోగుల నుంచి తీసిన కణాల్లో ఆ జన్యువును అణిచి చూపించింది. మా పరిశోధన గైడ్ అందరి ముందూ మెచ్చుకున్నారు. నొప్పి నాది, ఆలోచన నాది, పేరు ఆమెది. చివరికి ఆమె నవ్వు కూడా నాకు కంటగింపయింది. ఆ నొప్పంటే ఏమిటో తెలియని మనిషికి ఇది ఎందుకు దక్కాలి?

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆర్‌ఎన్‌ఏ గొట్టాల డబ్బా నా చేతికిచ్చింది.

"అక్కా, దీన్ని ఫ్రీజర్లో పెట్టేస్తావా? అంగట్లో అమ్మ ఒగతే ఉండాది, బిరీన పోవాల."

"పెడతాలే, వెళ్ళు."

ఆమె వెళ్ళాక చేతి తొడుగులు తీసేశాను. ఒక్కో గొట్టం మూత తెరిచి లోపలి అంచును వట్టి వేలితో తుడిచాను. మన చర్మం మీదుండే ఎంజైములు చాలు, ఆర్‌ఎన్‌ఏను తుంచేయడానికి. మొదటి రోజు ఆమెకు ఆ జాగ్రత్త నేర్పింది నేనే. మూతలు బిగించి డబ్బా ఫ్రీజర్లో పెట్టాను. ఒక్క గొట్టాన్నీ వదల్లేదు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

మూడుసార్లు చేసినా ఆమెకు ఆ ఫలితం మళ్ళీ రాలేదు. కొత్త ఆర్‌ఎన్‌ఏ తెప్పిద్దామని బతిమాలింది. గైడ్ వినలేదు. మొదట వచ్చిన అంకెలు నువ్వే మార్చి రాశావా అని మీటింగులోనే అడిగారు. రుక్మిణి నావైపు చూసింది. నేను నోట్‌బుక్కులోకి చూశాను. గొట్టాలు పాడుచేసింది ఆ పూట పొంగిన అసూయ అనుకుందాం. మరి అప్పుడు నోరు విప్పకపోవడం ఏమిటి? భయమా? కాదు. ఆమె తల దించుకోవడం నాకు బాగుంది. రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ బాగుంది.

ఆమె మానేసింది. ఇప్పుడు దేవనహళ్ళిలో బడిపిల్లలకు పాఠాలు చెబుతోంది. ఆ పని మా దగ్గర అక్కడితో ఆగిపోయింది. నాకు రెండు ఆపరేషన్లయ్యాయి. రెండోసారి రుక్మిణికి ఎలా తెలిసిందో, ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నీకీ జబ్బుండాదని ముందే చెప్పుంటే నీకోసమన్నా ఇంగోసారి చేసుందును గదక్కా," అంది.

గొట్టాల సంగతి అప్పుడూ చెప్పలేదు. ఆమె మంచితనం మీద కూడా నాకు అసూయే కలిగింది.

మొన్న ఆమెకు ఉత్తరం రాశాను. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆ శుక్రవారం ఏం చేశానో అంతే రాశాను. జవాబు రాలేదు. రాకపోవచ్చు కూడా. కానీ తప్పు తనది కాదని రుక్మిణికి ఇప్పుడు తెలుసు. ఆ ఒక్కదానికే నాకు కాస్త ఊపిరి ఆడుతోంది.